కరువు నేర్పిన నిత్యానందం



యెషయా గ్రంథము 35వ అధ్యాయం చివరి వచనాన్ని మీ బైబిలు తెరచి ఒకసారి చదువుకోండి. ప్రభువు విడిపించిన ప్రజలు పాడుకుంటూ సీయోనుకు తిరిగి వస్తారనీ, వారి ఆనందానికి ఇక అంతముండదనీ, దుఃఖం అక్కడ నిలువలేక వెళ్ళిపోతుందనీ ప్రవక్త చెబుతున్నాడు. ఈ మాటను మనం శుభలేఖలమీద, క్యాలెండర్లమీద అచ్చు వేయించుకుంటాం. మంచిదే. కానీ అదే అధ్యాయంలోని 3వ వచనాన్ని క్యాలెండర్ మీద నేను ఇంతవరకు చూడలేదు. అక్కడ బలం ఉడిగిన చేతులున్నాయి, వణికే మోకాళ్ళున్నాయి. నిత్యానందం వాగ్దానం చేయబడినది ఆ చేతులకు, ఆ మోకాళ్ళకే. ఇది మరచిపోతే ఆ వాగ్దానాన్ని మనం పూర్తిగా తప్పుగా చదువుతాం.

ఈ మాటను ఈసారి చరిత్ర వెలుగులో ధ్యానిద్దాం. దూరదేశాల చరిత్ర అక్కరలేదు. మాదాపూర్‌లో మొదలుపెట్టి ఒంగోలు దాకా వెళ్దాం. సంక్రాంతికి మియాపూర్‌లో, కూకట్‌పల్లిలో బస్సు ఎక్కి మీలో చాలామంది వెళ్ళే దారే అది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. పది అంతస్తుల గుండ్రని భవనం, చుట్టూ బండరాళ్ళు, తుప్పలు. భూగర్భ శాస్త్రజ్ఞులు 250 కోట్ల సంవత్సరాల నాటివని చెప్పే ఆ రాళ్ళను పేల్చి రోడ్లు వేశారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ అక్కడికి వచ్చి వెళ్ళాడు. గుట్టల బేగంపేట, కొండాపూర్, గచ్చిబౌలి అనే పల్లెల పేర్లు ప్రపంచమంతటా వినబడ్డాయి. అంతకుముందు తరంలో ఎడ్లబండి తోలిన ఇంటినుండి, చెప్పులు కుట్టిన ఇంటినుండి, బడిపంతులు ఇంటినుండి పిల్లలు వచ్చి ఆ అద్దాల గదుల్లో కూర్చున్నారు. ఇది దేవుని కృప కాదని ఎవరంటారు? నేననను. (ఆ మేడలకు ఇటుకలు మోసి, పక్కనే రేకుల గుడిసెల్లో పడుకున్న పాలమూరు వలస కూలీల సంగతి మాత్రం ఏ ప్రారంభోత్సవంలోనూ ఎవరూ చెప్పలేదు. వారు కూడా ఈ చరిత్రలోనివారే. కాసేపటికి వారివంటివారి దగ్గరికే మనం వెళ్తాం.)

ఆ కాలంలో ఈ ప్రాంతమంతా సంఘాలు మొలిచాయి. అపార్ట్‌మెంట్ హాళ్ళలో, స్కూలు గదుల్లో, షెడ్లలో ఆరాధనలు మొదలయ్యాయి. సాక్ష్యాల సమయం వస్తే మైకు దగ్గర వరుస కట్టేవారు. ఆఫర్ లెటర్ వచ్చింది, ప్రభువుకు స్తోత్రం. వీసా స్టాంపింగ్ అయింది, స్తోత్రం. ఆన్‌సైట్ వచ్చింది, ఫ్లాట్ బుక్ చేశాం, స్తోత్రం. దేవుడిచ్చినదానికి స్తోత్రం చెప్పడం తప్పు కాదు. కానీ ఏళ్ళ తరబడి అవే సాక్ష్యాలు వింటూ కూర్చున్న సంఘం, ఎవరూ ప్రసంగించకుండానే ఒక పాఠం నేర్చుకుంది: ఆనందమంటే జీతం పెరగడం, విశ్వాసమంటే జీతం పెంచేది.

తరువాత 2009 జనవరి 7 వచ్చింది. బుధవారం. సంక్రాంతికి ఇంకా వారం ఉంది. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ బి. రామలింగరాజు తన బోర్డుకు రాసిన లేఖ ఆ రోజు బయటికి వచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఆయనే రాశాడు. 1987లో పుట్టిన కంపెనీ అది. ఉద్యోగులు సుమారు 53,000 మంది అని చెప్పుకునేది. అంతకు కొన్ని నెలల ముందే, 2008 సెప్టెంబరులో, కంపెనీని నీతిగా నడుపుతున్నందుకు ఒక అంతర్జాతీయ బహుమతి కూడా అందుకుంది. దాని పేరే సత్యం. ఆ రోజు సాయంత్రానికి షేరు ధర దాదాపు 78 శాతం పడిపోయింది.

ఆ వారం ఈ ప్రాంతంలో పరిచర్య చేసిన ఏ కాపరినైనా అడగండి, చెబుతారు. ఈ నెల జీతం పడుతుందా? హోమ్ లోన్ ఈఎమ్ఐ ఎలా? కుదిరిన పెళ్ళి నిలుస్తుందా? ఊళ్ళో అమ్మకు, నాన్నకు ఏమని చెప్పాలి? అందరికీ అవే ప్రశ్నలు. ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకుంది, చాలామంది ఉద్యోగాలు నిలిచాయి. అయినా ఆ సంవత్సరమే వర్చువల్ పూల్ అనే పేరుతో వేలమందిని తగ్గించిన జీతంతో ఇంటి దగ్గర కూర్చోబెట్టారు. 2015 ఏప్రిల్‌లో కోర్టు రాజుకు, మరికొందరికి ఏడేళ్ళ శిక్ష విధించింది. కేసు సంగతి అంతటితో వదిలేద్దాం. మనకు కావలసింది వేరే ఉంది.

గమనించండి. ఆ నెలల్లో మైకు దగ్గర వరుస తగ్గింది. ఉద్యోగం పోయినవారు సాక్ష్యం చెప్పడానికి రాలేదు. చెప్పడానికి వారికేముంది? కొందరు ఆరాధనకే రావడం మానేశారు. సిగ్గుపడ్డారు. ఉద్యోగం పోయినందుకు ఆఫీసులో సిగ్గుపడవచ్చు, అర్థం చేసుకోగలం. కానీ దేవుని మందిరంలో సిగ్గుపడవలసి వచ్చిందంటే, ఆ లోపం వారిది కాదు. దుఃఖంలో ఉన్నవాడు నోరు తెరవడానికి మన ఆరాధనలో చోటు లేకుండా పోయింది. ఇది 2009తో ముగిసిన కథ కూడా కాదు. 2023 జనవరిలో గూగుల్ ప్రపంచవ్యాప్తంగా 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసివేస్తున్నట్లు ప్రకటించాయి. ఆ రెండిటి పెద్ద ఆఫీసులు మన మధ్యనే ఉన్నాయి. ఆ ఆదివారం మీ పక్క కుర్చీ ఖాళీగా ఉందేమో, గుర్తు తెచ్చుకోండి.

ఇలాటి సమయాల్లో సులువుగా వచ్చే మాట ఒకటుంది. 'దిగులు పడకు, మూడు నెలల్లో దేవుడు ఇంతకు రెట్టింపు జీతం ఇస్తాడు' అంటాం. ప్రేమతోనే అంటాం. ఈ మాట యిర్మీయా 28వ అధ్యాయంలోనే ఉంది. చెప్పినవాడు హనన్యా. రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుందని, మందిరపు ఉపకరణాలన్నీ తిరిగి వస్తాయని యాజకులందరి ముందు ప్రవచించాడు. వినడానికి ఎంత బాగుంది! యిర్మీయా కూడా మొదట ఆమేన్ అన్నాడు, అలాగే జరిగితే బాగుండునని. కానీ దేవుడు హనన్యాను పంపలేదు. యిర్మీయా ప్రవచించినది డెబ్బై సంవత్సరాలు. అంతదాకా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని చెరలో ఉన్నవారికి ఉత్తరం రాశాడు. హనన్యా మాటకు అబద్ధమైన ఆనందం అని పేరు పెట్టవచ్చు. దానికి గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటిపోయాక విన్నవాడు దేవునినే అనుమానిస్తాడు. ఇలా విశ్వాసం పోగొట్టుకున్నవారు మన కుటుంబాల్లోనే ఉన్నారు. అందుకే ఈ మాట కాస్త కఠినంగా చెబుతున్నాను.

మరి గడువు లేని ఆనందం ఎలా ఉంటుంది? తెలుగు సంఘం దాన్ని ఎప్పుడైనా చూసిందా? చూసింది. ఇప్పుడు ఒంగోలు వెళ్దాం.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండమీద ఐదుగురు మోకరించారు. నెల్లూరునుండి వచ్చిన మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఈ ప్రాంతానికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు పని చేసినవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది. 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి ఊరూరా తిరిగి తనవారికి సువార్త చెప్పాడు. తోళ్ళ వ్యాపారం మీద తిరిగిన దారుల్లోనే సువార్త తీసుకుని తిరిగాడు. ఒంగోలు ఉజ్జీవం అనగానే మనం దొరగారి పేరు చెబుతాం. నన్నడిగితే పేరయ్య పేరే ముందు చెప్పాలి.

1876లో వర్షాలు లేవు. 1877లోనూ సరిగ్గా పడలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ, దక్కనులోనూ ఆ కరువులో చనిపోయినవారు యాభై లక్షలకు పైమాటేనని చరిత్రకారులు లెక్కగడతారు. తిండి లేక కొందరు, తరువాత కలరాతో కొందరు. 1877లో ప్రభుత్వ పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. దానితో పగలంతా మట్టి తవ్వాలి.

అప్పట్లో కోస్తా వెంట బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా సాగుతున్నది. కానీ అక్కడి మేస్త్రీల దౌర్జన్యానికి భయపడి, పేదలు, అందులోనూ మాదిగలు, వెళ్ళడానికి జంకారు. క్లౌ గారు ఏం చేశాడో చూడండి. మూడున్నర మైళ్ళ కాలువ తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వేయరు పని తెలిసినవాడు గనుక కొలతలు తానే చూసుకున్నాడు. తన ప్రసంగికులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. తిట్లూ దెబ్బలూ లేకుండా, పనికి తగిన కూలి సరిగా చేతికందింది. ఊళ్ళనుండి వేలమంది వచ్చారు. గుడిసెలు వేసుకున్నారు. కలరా అక్కడికీ వచ్చింది, చాలామందిని తీసుకుపోయింది.

సాయంత్రం పని ఆగాక, మధ్యాహ్నం కాస్త నీడ దొరికినప్పుడు, ఆ ప్రసంగికులు వాక్యం చెప్పేవారు. ఎక్కువగా చెప్పింది మత్తయి సువార్త 11:28. బరువులు మోసి అలసినవారిని యేసు తన యొద్దకు పిలిచిన మాట. మనం ఏసీ హాల్లో కూర్చుని ఆ బరువు అంటే మనస్సులోని బరువు అని వివరిస్తాం. వారికి వివరణ అక్కరలేకపోయింది. నెత్తిమీద మట్టితట్ట ఉంది. మళ్ళీ చెప్పండి అని అడిగి మరీ వినేవారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ జనంలో వందలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. సుమారు పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం క్రైస్తవులయ్యారనే మాట రాకూడదని ఆయన పట్టుదల. 1878 మధ్యలో, సహాయ నిధి అయిపోయిందని, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పించాడు. అయినా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గరికి వేలమంది వచ్చి కూర్చున్నారు. వారు చెప్పిన మాటల సారాన్ని క్లౌ గారు తన ఆత్మకథలో భద్రపరచాడు. మాకు మీ సహాయం వద్దు, కాయలు కాచిన ఈ చేతులు చూడండి, కష్టపడి బ్రతుకుతాం అన్నారు. వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేది మాత్రం క్రైస్తవులుగా చావాలి, మాకు బాప్తిస్మమివ్వండి అన్నారు.

ఇది నిదానంగా చదవండి, ప్రియులారా. యేసును నమ్ముకుంటే పంట పండుతుందని వారనలేదు. పంట పోవచ్చునని తెలుసు. చనిపోవచ్చునని తెలుసు. చనిపోతే ఎవరి చేతుల్లోకి వెళ్తామో అది ఇప్పుడే ఖాయం చేసుకోవాలన్నారు. హనన్యా చెప్పే ఆనందం ఇలాటి మాట పలకలేదు. వాడిది పంట మీద ఆధారపడిన ఆనందం.

1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది ఆ నదిలో బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536. ఇచ్చినవారు అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు ప్రసంగికులు. ఇద్దరిద్దరుగా నీళ్ళలో దిగి, వారు అలసినప్పుడు మరో ఇద్దరు. ఆ సంవత్సరాంతానికి ఒంగోలు సంఘ సభ్యులు 12,000 దాటారు. పదకొండేళ్ళ క్రితం ఎనిమిది మంది!

కరువులో ఆకలే వారిని తోలుకొచ్చిందని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆకలి పాత్ర లేదని నేను వాదించను. కాలువ దగ్గరికి వారిని తెచ్చింది ఆకలే. తరువాత వెనుకకు పోయినవారూ ఉన్నారు. కానీ గింజలు అయిపోయాక వచ్చినవారిని గింజల కోసం వచ్చారనడం న్యాయం కాదు. ఇంకో మాట కూడా అంటారు: పరలోకం చూపించి పేదవాడి నోరు మూయించారని. దీనికి జవాబు ఆ కాలువే. పరలోక నిరీక్షణ గల మనిషే ఇక్కడి కూలి సరిగా ఇప్పించడానికి కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆ నిరీక్షణ పొందినవారే తమ పిల్లలను బడికి పంపారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని కాలంలో, తాము దేవుని బిడ్డలమని తలెత్తి నిలబడ్డారు. చావుకు భయపడనివాడు ఊరి పెద్దకు మాత్రం ఎందుకు భయపడతాడు?

మనకు దగ్గరలోని మెదక్ కూడా చూడండి. ఇప్పుడు శనివారం కారు వేసుకుని వెళ్ళి ఫోటోలు దిగి వస్తాం. చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు ఆ మందిరాన్ని 1914 నుండి పదేళ్ళు కట్టించాడు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువులో జనానికి పని, తిండి దొరకాలని కట్టించాడని అక్కడివారు ఈనాటికీ చెబుతారు. దానిలోని రంగుటద్దాల కిటికీలు మూడు. బలిపీఠం వెనుక ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. అంటే ఇరవై ఏళ్ళపాటు ఆ పల్లెజనం కన్నులెత్తితే కనబడిన చిత్రం ఒక్కటే, తండ్రి యొద్దకు వెళ్ళిన క్రీస్తు. ఎవరూ కావాలని అలా వరుస పెట్టి ఉండరు. అయినా కరువు తెలిసిన ప్రజలకు అది తగిన చిత్రమే అనిపిస్తుంది నాకు.

నిత్యానందాన్ని నమ్మినవాడు ఏడవకూడదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. యోహాను 11వ అధ్యాయంలో లాజరును కొద్ది నిమిషాల్లో లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఏడ్చాడు. ముగింపు తెలిసినవాడు కన్నీరు కార్చాడు. 16వ అధ్యాయంలో శిష్యులకు దుఃఖం రాదని చెప్పలేదు. ప్రసవ వేదనపడే స్త్రీని చూపించి, ఈ నొప్పి వెనుక ఒక బిడ్డ ఉన్నాడని చెప్పాడు, ఆ ఆనందం ఎవరూ లాక్కోలేరని చెప్పాడు. ఇక ప్రకటన 21:4 చూడండి. దేవుడు తన ప్రజల కన్నీళ్ళు తానే తుడుస్తాడట. తుడవాలంటే కన్నీళ్ళు అక్కడిదాకా వచ్చి ఉండాలి గదా! అంటే ఆ గుమ్మం దగ్గరికి మనం తడిసిన ముఖాలతోనే చేరతాం. ముందుగా ముఖం కడుక్కుని, నవ్వు అద్దుకుని రమ్మని ఆయన అడగడు.

మరి మన ఆదివార ఆరాధనలో మనమెందుకు అడుగుతున్నాం? ఈ వారం పింక్ స్లిప్ అందుకున్న తమ్ముడు, రెండేళ్ళుగా ఇంటర్వ్యూలు తిరుగుతున్న చెల్లి, అబ్బాయి అమెరికాలో ఉద్యోగం పోగొట్టుకుంటే ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్న తల్లి, వీరు మైకు దగ్గరికి రావచ్చు. జవాబు రాకముందే రావచ్చు. 'ఇంకా ఏడుస్తున్నాను, అయినా ఆయన నావాడే' అని చెప్పి కూర్చోవచ్చు. వెల్లంపల్లి ఒడ్డున పలికిన సాక్ష్యం అలాటిదే. సంఘ పెద్దలారా, మీకొక మనవి. అలాటివారు మాట్లాడి కూర్చున్నాక వెంటనే హుషారైన పాట ఎత్తుకోకండి. ఒక నిమిషం ఆగండి. కూడిక అయ్యాక ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లల ఫీజు కట్టారా అని మెల్లగా విచారించండి. క్లౌ గారు కాలువ కాంట్రాక్టు తీసుకున్నాడు, మనం ఒక నెల ఫీజు తీసుకోలేమా?

ప్రార్థించుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ పత్రిక చేతపట్టుకుని దుఃఖంతో ఉన్న నీ బిడ్డను నీవెరుగుదువు. లాప్‌టాప్ తిరిగి ఇచ్చి ఐడీ కార్డు లేకుండా ఇంటికి వచ్చిన చేతులను, జీతం లేక వణికే మోకాళ్ళను చూడుము. రాయిమోసే పాలమూరు కూలీని, రాత్రి షిఫ్టులో క్యాబ్ తోలే సహోదరుని, ఆఫీసు తుడిచే అక్కను చూడుము. మా ముత్తాతలకు కాలువ గట్టుమీద నీవిచ్చిన నిరీక్షణను మాకూ దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.